సాఫ్ట్‌వేర్ వేశాక డీవీడీ డ్రైవ్ మాయమైందా? కొత్తది కొనేముందు ఇవి చేసి చూడండి

నిన్నటిదాకా డీవీడీ డ్రైవ్ బాగానే ఉంది. ఇవాళ ఏదో సాఫ్ట్‌వేర్ వేశారు, లేదా పాతది ఒకటి తీసేశారు, రీస్టార్ట్ అయ్యాక దిస్ పీసీ తెరిస్తే డ్రైవ్ గుర్తే లేదు. బటన్ నొక్కితే ట్రే బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది, డిస్క్ పెడితే గిర్రున తిరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది, కానీ విండోస్ మాత్రం అక్కడ డ్రైవే లేనట్టు ఉంటుంది. మీ బాధ ఇదే అయితే ముందు ఒక్క మాట, డ్రైవ్ కొనడానికి బజారుకి పోకండి. ఇలా సాఫ్ట్‌వేర్ వేసిన వెంటనే ఆగిపోయిందంటే చాలాసార్లు డ్రైవ్ శుభ్రంగానే ఉంటుంది, చెడింది విండోస్ లోపల పేర్లు రాసిపెట్టుకున్న రెండు జాబితాలు. వాటిని ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, అరగంటలో సరిచేసుకోవచ్చు.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం కావలిలో మా వీధి మాస్టారు. రిటైరై చాలా కాలమైంది. ఆయన కూతురి పెళ్లి 2009లో జరిగింది, ఆ వీడియో మూడు డీవీడీల్లో ఉంది. భార్య పోయి అయిదేళ్లవుతోంది. అమ్మమ్మ గొంతు ఎట్టా ఉండేదో వినాలని మనవరాలు అడిగిందని ఆ డిస్కులు బయటికి తీశారు. కాపీ చేసి పంపిద్దామని ఎవరో చెబితే ఒక డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేది వేశారు, అది సరిగా పనిచేయలేదని తీసేశారు, అంతే, ఆ రోజు నుంచి డ్రైవ్ కనపడలేదు. బజార్లో ఒక షాపుకి తీసుకుపోతే డ్రైవ్ పోయిందని చెప్పి 1,100 రూపాయలకి కొత్తది అమ్మారు. కొత్తది బిగించినా కనపడలేదు. మళ్లీ పోతే ఈసారి మదర్‌బోర్డు పోయిందన్నారట. నాకు ఫోన్ చేసి "అబ్బయ్యా, మూడు డిస్కులూ చేతిలోనే ఉండాయి, చూసుకునే రాత లేదు నాకు" అన్నారు. ఆ మాటకి నాకు చాలా బాధేసింది. ఎందుకంటే ఆయన కంప్యూటర్లో ఏ వస్తువూ పాడవలేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో రెండు నిమిషాలు చెప్తాను, ఇది అర్థమైతే కింద చెప్పే పనులు భయం లేకుండా చేస్తారు. మన వైపు కాలువ నీళ్లతో పోల్చి చూడండి. సంగం దగ్గర నుంచి కావలి కాలువలో నీళ్లు వదిలితే చివరి పొలానికి చేరేలోపు ఎన్నో తూములు దాటాలి, తూము దగ్గర నీళ్లు వదిలే లస్కరు ఉండాలి. డీవీడీ డ్రైవ్ నుంచి విండోస్‌కి వచ్చే సమాచారం కూడా అలాంటిదే. మధ్యలో విండోస్ సొంత డ్రైవర్, అంటే ఆ వస్తువుని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి పైన కొందరు, కింద కొందరు లస్కర్లను పెట్టుకోవచ్చని విండోస్ సాఫ్ట్‌వేర్లకి అనుమతి ఇచ్చింది. పైన ఉండేవాళ్ల జాబితా పేరు అప్పర్‌ఫిల్టర్స్, కింద ఉండేవాళ్ల జాబితా లోయర్‌ఫిల్టర్స్. డిస్కులు బర్న్ చేసే (అంటే వాటి మీద రాసే) సాఫ్ట్‌వేర్లు, ఉత్తుత్తి (వర్చువల్) డ్రైవ్ సృష్టించే సాఫ్ట్‌వేర్లు, కాపీ కాకుండా అడ్డుకునే సాఫ్ట్‌వేర్లు, ఐట్యూన్స్ లాంటి పాటల సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తమ లస్కరు పేరు ఈ జాబితాలో రాసుకుంటాయి.

చిక్కంతా ఇక్కడే. జాబితాలో ఉన్న ప్రతి పేరూ హాజరు పలకాలి, ఒక్కడు పలక్కపోయినా విండోస్ మొత్తం నీళ్లే ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు ఒక్కోసారి దాని డ్రైవర్ ఫైలు పోతుంది, జాబితాలో పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. లేదా ఎప్పుడో విండోస్ ఎక్స్‌పీ కాలంనాటి సాఫ్ట్‌వేర్‌ని 64 బిట్ విండోస్‌లో వేస్తారు, పేరు రాసుకుంటుంది కానీ ఆ డ్రైవర్ ఇక్కడ లోడ్ కాదు. ఒక్కోసారి రెండు బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి పడక ఆపేస్తాయి. ఏదైనా ఫలితం ఒకటే, డ్రైవ్ మాయం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ జాబితా మీ డ్రైవ్ ఒక్కదానిది కాదు, ఆ కంప్యూటర్‌కి తగిలించే సీడీ, డీవీడీ డ్రైవ్‌లన్నిటికీ ఉమ్మడిది. అందుకే మాస్టారు కొత్త డ్రైవ్ పెట్టినా కనపడలేదు, యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చి తగిలించినా అదే కథ. నిజానికి ఇది మీకు మంచి పరీక్ష. పక్క కంప్యూటర్లో బాగా పనిచేసే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ మీ దాంట్లో కూడా డివైస్ మేనేజర్లో (దాని సంగతి కింద చెప్తాను) పసుపు గుర్తు చూపిస్తే తప్పు వస్తువులో లేదు, జాబితాలో ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ కొన్ని పాటల సీడీల్లో కాపీని అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్ యజమానికి తెలియకుండా దాక్కునేలా పెట్టింది. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు ఆ ఏడాది అక్టోబర్ 31న దాన్ని బయటపెట్టాడు. తన కంప్యూటర్లో ఆ ఫైళ్లు తీసేయగానే ఆయన సీడీ డ్రైవ్ కూడా మాయమైంది, కారణం ఇదే, ఫైళ్లు పోయాయి, జాబితాలో పేర్లు మిగిలాయి. అంతటి మనిషికే జరిగింది కాబట్టి మీరేదో పాడుచేశామని కుంగిపోవద్దు.

ఇక పనిలోకి దిగుదాం. కింద చెప్పినవి వరుసలోనే చేయండి, ఎక్కడ డ్రైవ్ వచ్చేస్తే అక్కడే ఆపేయండి, మిగతాది చేయాల్సిన పని లేదు. విండోస్ 7 అయినా 10 అయినా 11 అయినా పద్ధతి ఒకటే, మెనూలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్ అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, బ్యాంకుల్లో, కొన్ని ఆఫీసుల్లో సీడీ డ్రైవ్‌ని కావాలనే బంద్ చేసి ఉంచుతారు, అక్కడి సిస్టమ్స్ చూసే మనిషిని అడగండి.

మొదట రీస్టార్ట్. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కొడితే చాలా కంప్యూటర్లు పూర్తిగా ఆగవు, తొందరగా లేవడం కోసం లోపలి భాగాన్ని దాచిపెట్టుకుని నిద్రపోతాయి, పొద్దున్నే ఆన్ చేస్తే ఆ పాత స్థితే తిరిగొస్తుంది. అందుకని షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ అనేదే నొక్కండి. కొత్త సాఫ్ట్‌వేర్ సగం ఇన్‌స్టాల్ అయి రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తున్న సందర్భాల్లో దీంతోనే పనైపోతుంది.

రెండోది, డ్రైవ్ బతికుందో లేదో విండోస్‌ని అడక్కుండా తెలుసుకోవడం. కంప్యూటర్ ఆన్ అయ్యే క్షణంలో బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. అసెంబుల్డ్ మెషిన్లలో ఎక్కువగా డిలీట్ బటన్, డెల్, ఏసర్ లాంటి వాటిలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, తెర వెలగగానే వరుసగా తడుతూ ఉండండి. లోపల స్టోరేజ్ లేదా సాటా అని ఉన్న చోట హార్డ్ డిస్క్ పేరుతో పాటు డీవీడీ డ్రైవ్ మోడల్ పేరు కనపడాలి. కనపడితే కరెంటు అందుతోంది, కేబుల్ బాగుంది, మదర్‌బోర్డు డ్రైవ్‌ని గుర్తుపట్టింది, అంటే తప్పు విండోస్‌ది. ఏమీ మార్చకుండా బయటికొచ్చేయండి. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే పాత విండోస్ డీవీడీయో లైనక్స్ డీవీడీయో పెట్టి దాంతో బూట్ చేసి చూడండి, డిస్క్ నుంచి లేచిందంటే ఆ డ్రైవ్‌కి ఏ రోగమూ లేదు. ట్రే తెరుచుకోవడాన్ని మాత్రం రుజువుగా తీసుకోకండి, దానికి కరెంటు ఉంటే చాలు, డేటా కేబుల్ ఊడిపోయినా తెరుచుకుంటుంది.

బయోస్‌లోనే పేరు లేకపోతే అప్పుడు వస్తువు సంగతి చూడాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పక్క రేకు తీసి డ్రైవ్ వెనక ఉన్న రెండు కేబుళ్లనీ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి, సన్నటి సాటా (డేటా) కేబుల్‌ని మదర్‌బోర్డు మీద వేరే పోర్టులో పెట్టి చూడండి. యూఎస్‌బీ డ్రైవ్ అయితే హబ్ లేకుండా నేరుగా వెనక పోర్టులో పెట్టాలి, రెండు తలల కేబుల్ వచ్చిన డ్రైవ్‌కి రెండూ తగిలించాలి, ఒకదానితో దానికి కరెంటు చాలదు.

మాస్టారి కంప్యూటర్లో బయోస్‌లో కొత్త డ్రైవ్ పేరు నిక్షేపంగా ఉంది. మదర్‌బోర్డు పోయిందన్న మాట అక్కడే తేలిపోయింది.

మూడోది డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో ఉంటుంది, విండోస్ 7లో అయితే కంప్యూటర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్‌లోకి పోవాలి. అందులో డీవీడీ/సీడీ-రామ్ డ్రైవ్స్ అనే వరుస ఉంటుంది, దాన్ని విప్పితే మీ డ్రైవ్ పేరు పక్కన చిన్న పసుపు త్రికోణం కనిపించవచ్చు. ఆ పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే డివైస్ స్టేటస్ అనే పెట్టెలో ఒక వాక్యం, బ్రాకెట్లో కోడ్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. 19 అంటే రిజిస్ట్రీలో ఆ పరికరానికి సంబంధించిన రాత అసంపూర్తిగా ఉందనో చెడిందనో అర్థం. 39 అంటే డ్రైవర్ ఫైలు లేదు, లేదా పాడైంది. 31, 32, 41 కూడా ఈ కుటుంబానివే. వీటిలో ఏది వచ్చినా నేను మొదట అనుమానించేది ఆ రెండు జాబితాలనే. మాస్టారిది 39.

ఇక్కడే ఒక పని చేయండి. డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి. పేరు చూసి భయపడొద్దు, లేచేటప్పుడు విండోస్ దాన్ని మళ్లీ తనే పట్టుకుని పెట్టుకుంటుంది. డీవీడీ డ్రైవ్‌కి ఎక్కడి నుంచో డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాల్సిన అవసరం లేదు, కావాల్సింది విండోస్‌లోనే ఉంది. నెట్‌లో వెతికితే మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామని బోలెడు సాఫ్ట్‌వేర్లు ఎదురొస్తాయి, దయచేసి వాటి జోలికి పోకండి, ఒక సాఫ్ట్‌వేర్ వేసి తెచ్చుకున్న తలనొప్పికి ఇంకో సాఫ్ట్‌వేర్ మందు కాదు.

నాలుగోది, వేసిన సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంటే దాన్ని పద్ధతిగా తీసేయడం. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి తేదీ వరుసలో పెట్టుకుంటే ఏది కొత్తగా వచ్చిందో తెలిసిపోతుంది. అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి, రీస్టార్ట్ చేయండి. ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేయడం మాత్రం వద్దు, అలా చేసినా ఈ జబ్బు పుడుతుంది.

అయిదోది సిస్టమ్ రీస్టోర్. రిజిస్ట్రీ పేరెత్తితేనే టెన్షన్ పడేవాళ్లకి ఇదే మంచి దారి. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి, వచ్చిన పెట్టెలో సిస్టమ్ రీస్టోర్ బటన్ నొక్కితే పాత తేదీలు చూపిస్తుంది. డ్రైవ్ బాగా ఉన్న రోజు తేదీ అందులో ఉంటే దాన్ని ఎంచుకోండి. మీ ఫోటోలు, వర్డ్ ఫైళ్లు ఎక్కడికీ పోవు, ఆ తేదీ తర్వాత వేసిన సాఫ్ట్‌వేర్లు, వాటి రాతలు మాత్రం వెనక్కి పోతాయి, మనకి కావాల్సింది కూడా అదే. కరెంటు పోయే టైమ్‌లో మొదలుపెట్టకండి, యూపీఎస్ ఉంటే మేలు, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయం ఆపేసి ఉండటం వల్ల తేదీలేమీ కనపడవు, మాస్టారి దాంట్లోనూ అంతే. అప్పుడు ఆరోదానికి పోవాలి.

ఆరోది రిజిస్ట్రీ. ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఒక్కో అడుగూ చూసుకుని వేయండి. రిజిస్ట్రీ అంటే విండోస్ దస్తరం, ప్రతి వస్తువు గురించీ ప్రతి సాఫ్ట్‌వేర్ గురించీ అందులో రాసి ఉంటుంది. మన రెవెన్యూ ఆఫీసు అడంగల్ లాగా, సరైన సర్వే నంబర్ దగ్గర తప్పు దిద్దితే సమస్య తీరుతుంది, పక్క నంబర్ మీద కొట్టేస్తే ఇంకొకరి పొలం పోతుంది.

అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉన్న అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. కీబోర్డ్ మీద విండోస్ బటన్ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో ఆర్, ఇ, జి, ఇ, డి, ఐ, టి అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి, అనుమతి అడిగితే యెస్ అనండి. ఎడమ పక్క ఫోల్డర్ల చెట్టు కనపడుతుంది. హెచ్‌కీ లోకల్ మెషిన్ విప్పండి, అందులో సిస్టమ్, అందులో కరెంట్‌కంట్రోల్‌సెట్, అందులో కంట్రోల్, అందులో క్లాస్. క్లాస్ విప్పగానే మీసాల బ్రాకెట్లలో పొడవాటి అంకెలు, అక్షరాలు ఉన్న ఫోల్డర్లు డజన్ల కొద్దీ బారులు తీరి ఉంటాయి. మనకి కావాల్సింది 4డి36ఇ965 తో మొదలయ్యేది. పూర్తి పేరు ఇది, అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి: 4డి36ఇ965-ఇ325-11సిఇ-బిఎఫ్‌సి1-08002బిఇ10318.

ఈ 965 అన్న మూడు అంకెల మీద వేలు పెట్టి రెండుసార్లు సరిచూసుకోండి. దాని చుట్టుపక్కల ఉన్న ఫోల్డర్ల పేర్లు ఆ మొదటి ముక్క చివర తప్ప అచ్చం ఇలాగే ఉంటాయి. 967 హార్డ్ డిస్కులది. అందులో కూడా అప్పర్‌ఫిల్టర్స్ ఉంటుంది, దాంట్లో పార్ట్‌మేనేజర్ పేరు ఉంటుంది, అది విండోస్‌కి ప్రాణం, అక్కడ చెయ్యి పెడితే కంప్యూటర్ మళ్లీ లేవదు. కీబోర్డ్‌కి, మౌస్‌కి కూడా ఇలాంటి జాబితాలు వాటి ఫోల్డర్లలో ఉంటాయి, అవి తీసేస్తే కీబోర్డ్, మౌస్ చచ్చుబడిపోతాయి. అందుకే కంట్రోల్ ఎఫ్ కొట్టి అప్పర్‌ఫిల్టర్స్ ఎక్కడ కనపడితే అక్కడ డిలీట్ చేయమని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి. సరైన ఫోల్డర్ అవునో కాదో తెలుసుకోవడం తేలిక, దాని మీద క్లిక్ చేస్తే కుడి పక్క క్లాస్ అనే పేరుకి ఎదురుగా సీడీరామ్ అని ఉండాలి. అది లేకపోతే మీరు తప్పు గడపలో ఉన్నట్టే, వెనక్కి రండి.

సరైన ఫోల్డరే అని తేలాక, ఏదీ ముట్టుకోకముందు కాపీ తీసుకోవాలి. ఎడమ పక్క ఆ ఫోల్డర్ ఎంచుకుని ఉండగానే పైన ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టండి, డెస్క్‌టాప్ మీద డీవీడీ పాతది అని పేరు పెట్టి సేవ్ చేయండి. రేపు ఏదన్నా తేడా వస్తే ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే తీసిన పేర్లు తిరిగి వచ్చి కూర్చుంటాయి. ఈ పని ఎగ్గొట్టొద్దు, అర నిమిషం కూడా పట్టదు.

ఇప్పుడు కుడి పక్క అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ వెతకండి. రెండూ ఉండొచ్చు, ఒక్కటే ఉండొచ్చు. రెండుసార్లు క్లిక్ చేస్తే లోపలి పేర్లు కనపడతాయి, అవి కాగితం మీద రాసుకోండి, ఆ పేరుని బట్టి ఏ సాఫ్ట్‌వేర్ వల్ల ఇది జరిగిందో తర్వాత తెలుసుకోవచ్చు. గేర్ యాస్పీ అనే మాటతో మొదలయ్యేది ఉంటే అది ఐట్యూన్స్‌తో వచ్చింది. పీఎక్స్‌హెల్ప్20 అని ఉంటే పాత రోక్సియో, సోనిక్ బర్నింగ్ సాఫ్ట్‌వేర్లది. మాస్టారి దాంట్లో అప్పర్‌ఫిల్టర్స్ లేనే లేదు, లోయర్‌ఫిల్టర్స్‌లో ఒకే ఒక్క పేరు ఉంది, ఆయన తీసేసిన ఆ కాపీ సాఫ్ట్‌వేర్ పేరుకి పొట్టి రూపం. దాని డ్రైవర్ ఫైలు కోసం విండోస్ ఫోల్డర్లో వెతికాను, లేదు. వెళ్లిపోయిన లస్కరు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయింది, అందుకే నీళ్లు ఆగాయి.

అప్పర్‌ఫిల్టర్స్ మీద రైట్ క్లిక్ చేసి డిలీట్, లోయర్‌ఫిల్టర్స్ మీద రైట్ క్లిక్ చేసి డిలీట్. అంతే. అదే పేరుకి చివర డాట్ బీఏకే అని ఉన్నవి కనపడితే అవి పాత కాపీలు, వాటి జోలికి పోవాల్సిన పని లేదు. ఎడమ పక్క ఫోల్డర్‌ని మాత్రం తీసేయకూడదు, కుడి పక్క ఉన్న ఆ రెండు వరుసలే తీయాలి. ఎడిటర్ మూసేసి రీస్టార్ట్ చేయండి. ఒక్కోసారి డివైస్ మేనేజర్లో డ్రైవ్‌ని మరోసారి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది, అది కూడా చేసి చూడండి.

ఆ 965లో రెండు జాబితాలూ లేకపోతే, లేదా తీసేసినా డ్రైవ్ రాకపోతే ఇంకో రెండు దారులున్నాయి.

ఒకటి డ్రైవ్ అక్షరం గొడవ. ఉత్తుత్తి డ్రైవ్ సృష్టించే సాఫ్ట్‌వేర్లు ఇ, ఎఫ్ లాంటి అక్షరాలు తీసేసుకుంటాయి, అసలు డ్రైవ్‌కి అక్షరం లేకుండా పోతుంది. డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు లేదు, అంతా బాగుందని చూపిస్తోంది, కానీ దిస్ పీసీలో మాత్రం లేదు అంటే దీన్ని అనుమానించండి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కింది భాగంలో సీడీ-రామ్ 0 అని ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఛేంజ్ డ్రైవ్ లెటర్ అన్న దాంట్లో ఎవరూ వాడని అక్షరం ఇవ్వండి. అన్నట్టు విండోస్ 8 నుంచి ఐఎస్ఓ ఫైలుని (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన కాపీని) రెండుసార్లు క్లిక్ చేస్తే అదే డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది, అందుకోసం ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

రెండోది, సాఫ్ట్‌వేర్ వేయడం అంటే మీ విషయంలో విండోస్‌నే కొత్తదానికి మార్చడం అయితే. విండోస్ 7 నుంచి 10కి మారాక డ్రైవ్ డివైస్ మేనేజర్లో కూడా పూర్తిగా కనపడకుండా పోవడం చాలామందికి జరిగింది. మళ్లీ రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, కరెంట్‌కంట్రోల్‌సెట్ దాకా వెళ్లి, ఈసారి సర్వీసెస్‌లోకి, అందులో ఏటీఏపీఐ అనే ఫోల్డర్లోకి వెళ్లండి. దాని మీద రైట్ క్లిక్ చేసి న్యూ, కీ కొట్టి ఇంగ్లీషులో కంట్రోలర్ అని రాసి ఖాళీ లేకుండా సున్నా పెట్టండి. ఆ కొత్త ఫోల్డర్లో కుడి పక్క ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి న్యూ, డీవర్డ్ 32 బిట్ ఎంచుకుని, ఈ, ఎన్, యూ, ఎం అక్షరాలు, వెంటనే డివైస్ అన్న ఇంగ్లీషు మాట, చివర 1 అంకె కలిపి ఒకే పదంగా పేరు పెట్టండి. దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయండి.

డ్రైవ్ వచ్చాక కొన్ని చిన్న సందేహాలు వస్తాయి, అవి కూడా చెప్పేస్తాను. ఐట్యూన్స్ తెరవగానే రిజిస్ట్రీలో తన డ్రైవర్ల రాత లేదని హెచ్చరిక ఇస్తే కంగారు పడొద్దు, మనం తీసింది అదే, ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒకసారి తీసేసి కొత్త వెర్షన్ మళ్లీ వేస్తే సరిపోతుంది. బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకీ అంతే. డ్రైవ్ కనపడుతోంది, డిస్క్‌లో ఫైళ్లూ కనపడుతున్నాయి కానీ సినిమా మాత్రం ఆడట్లేదు అంటే అది వేరే సంగతి, విండోస్ 8 నుంచి మీడియా ప్లేయర్లో డీవీడీ వీడియో ఆడించే సదుపాయం తీసేశారు. వీఎల్‌సీ ప్లేయర్‌ని వాళ్ల సొంత సైట్ నుంచి వేసుకోండి, చాలు. డిస్క్ పెట్టగానే దానంతట అది తెరుచుకోకపోతే అది ఆటోప్లే ఆపి ఉండటం, జబ్బు కాదు.

మాస్టారి కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఆయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. దిస్ పీసీలో ఇ డ్రైవ్ గుర్తు కనపడగానే లేచి బీరువాలోంచి డిస్కుల సంచీ తెచ్చారు. రెండో డిస్క్ మీద స్టూడియో వాళ్లు మార్కర్‌తో రాసిన పార్ట్ 2, తలంబ్రాలు, అప్పగింతలు అన్న అక్షరాలు చెమట చేతులకి చెరిగి అప్పగింతలు అన్నది సగమే మిగిలింది. ఆయన పెట్టబోతుంటే ఆపి ముందు కాపీ చేద్దాం మాస్టారూ అన్నాను. మీకూ అదే చెప్తున్నాను. డ్రైవ్ రాగానే చూడ్డం మొదలుపెట్టకండి, ముందు కాపీ.

ఇలా బర్న్ చేసిన డీవీడీల్లో వీడియో ఒక రంగు పొర మీద ఉంటుంది, ఎండకీ వేడికీ ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది, మన వైపు ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాపీకి ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. పెళ్లి వీడియో డిస్కులకి సాధారణంగా తాళం ఉండదు. డిస్క్ తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా కాపీ చేసి హార్డ్ డిస్క్‌లో డిస్క్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులో పేస్ట్ చేయండి. మామూలు ఒకే పొర డిస్క్ ఒక్కోటి 4.7 జీబీకి మించదు కాబట్టి అలాంటివి మూడు డిస్కులు 16 జీబీ పెన్ డ్రైవ్‌లో ఇమిడిపోతాయి. మధ్యలో ఆగిపోతే డిస్క్ తీసి, మెత్తటి పొడి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు ట్రాక్ వెంబడే పడతాయి, అప్పుడు చదవడం ఇంకా కష్టమవుతుంది. తుడిచినా ఒక ఫైలు దగ్గరే ఆగుతుంటే ఆ ఒక్కటి వదిలేసి మిగతా ఫైళ్లు ముందు కాపీ చేసుకుని, దాన్ని చివర్లో వేరే కంప్యూటర్ డ్రైవ్‌లో ప్రయత్నించండి, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది. మాస్టారి రెండో డిస్క్ కూడా ఒకచోట అలా మొండికేసింది, ఆ ముక్క, షాపు వాళ్లు విప్పి తిరిగిచ్చిన మాస్టారి పాత డ్రైవ్‌లో పెడితే వచ్చింది.